రెండు పార్ట్‌టైమ్ ఉద్యోగాలు: ఒకచోట పన్ను ఎక్కువ కోస్తున్నారు, నేషనల్ ఇన్సూరెన్స్ రెండుచోట్లా కోయడం లేదు. ఏది సరైనది?

గోదావరి_లెస్టర్ | 2025 అక్టోబర్ 4

అందరికీ నమస్కారం. మా వారి స్కిల్డ్ వర్కర్ వీసా మీద డిపెండెంట్‌గా రెండేళ్ల కిందట ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చాను. ఈ ఏప్రిల్ మొదటి నుంచి ఈ రెండు ఉద్యోగాలు చేస్తున్నాను. పగలు ఒక బడిలో భోజనాల వేళ పిల్లలను చూసుకునే పని, దానికి నెలకు 750 పౌండ్లు ఇస్తారు. సాయంత్రాలు వారానికి మూడు రోజులు ఒక కేర్ హోమ్ వంటగదిలో పని, దానికి 550 పౌండ్లు ఇస్తారు.

బడి పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ 1257ఎల్ అని ఉంది, పన్ను సున్నా. కేర్ హోమ్ పేస్లిప్‌లో బీఆర్ అని ఉంది, నెలనెలా 110 పౌండ్లు పోతున్నాయి. ఎక్కువ జీతం మీద పన్ను లేకపోవడం, తక్కువ జీతం మీద ఇంత పోవడం నాకు అర్థం కాలేదు. మేనేజరును అడిగితే రెండవ ఉద్యోగానికి పన్ను ఎప్పుడూ ఎక్కువే ఉంటుందని చెప్పారు. పింఛను వగైరాల కోసం జీతంలో కోసే నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్‌ఐ) మాత్రం రెండుచోట్లా సున్నాయే. తోటి ఉద్యోగి ఒకరు, ఎన్‌ఐ కట్టకపోతే ఈ సంవత్సరం పింఛను లెక్కలోకి రాదని భయపెట్టారు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 4

అమ్మా, బర్మింగ్‌హామ్‌లో పదకొండేళ్లుగా పేరోల్ పని చేస్తున్నాను. ఇదే ప్రశ్న ప్రతి సంవత్సరం వింటాను. మీ రెండు సందేహాలకూ మూలం ఒకటే కాబట్టి కలిపి చెబుతాను. ఆదాయపు పన్ను విషయంలో హెచ్‌ఎంఆర్‌సీ (ఇక్కడి పన్నుల శాఖ) మీ సంపాదననంతటినీ, అది ఎన్ని చోట్ల నుంచి వచ్చినా, ఒకే కుప్పగా పోసి సంవత్సరం మొత్తానికి లెక్క కడుతుంది. నేషనల్ ఇన్సూరెన్స్ విషయంలో ఏ ఉద్యోగం లెక్క ఆ ఉద్యోగానిదే, అందులోనూ ఏ వారం లేదా ఏ నెల లెక్క దానిదే. ఒక ఉద్యోగానికి రెండవది ఉన్నట్టే తెలియదు.

ముందు పన్ను చూద్దాం. ఏప్రిల్ 6 నుంచి మరుసటి ఏప్రిల్ 5 వరకు సాగే పన్ను సంవత్సరంలో 12,570 పౌండ్ల వరకు పన్ను లేదు. ఈ మినహాయింపు మనిషికి ఒక్కటే, ఉద్యోగానికి ఒకటి కాదు. 1257ఎల్ అంటే మినహాయింపు మొత్తాన్ని ఆ ఉద్యోగానికి కేటాయించారని అర్థం. బీఆర్ అంటే ఆ ఉద్యోగానికి మినహాయింపు ఏమీ మిగలలేదు కనుక మొదటి పౌండు నుంచీ 20 శాతం కోయమని యజమానికి ఇచ్చిన ఆదేశం. రెండవ ఉద్యోగానికి పన్ను రేటు ఎక్కువ అన్న మాట నిజం కాదు, రేటు అదే 20 శాతం.

అయితే మీ విషయంలో ఒక లోపం ఉంది. బడి జీతం సంవత్సరానికి 9,000 పౌండ్లే. అంటే 12,570లో 3,570 పౌండ్ల మినహాయింపు అక్కడ ఎవరికీ ఉపయోగపడకుండా పడి ఉంది. మీ మొత్తం సంపాదన 9,000, 6,600 కలిపి 15,600 పౌండ్లు. మినహాయింపు పోగా 3,030 మీద 20 శాతం, అంటే సంవత్సరానికి 606 పౌండ్లు మీరు కట్టవలసిన అసలు పన్ను. ఇప్పటి కోడ్‌ల ప్రకారం పోయేది 1,320 పౌండ్లు. 714 పౌండ్లు అదనంగా కడుతున్నారు.

మినహాయింపును రెండు ఉద్యోగాల మధ్య పంచమని మీరు హెచ్‌ఎంఆర్‌సీని అడగవచ్చు. ఫోనులో అడగవచ్చు, లేదా ఆన్‌లైన్‌లో మీ పర్సనల్ ట్యాక్స్ అకౌంట్ తెరిచి, రెండు ఉద్యోగాలకూ ఈ సంవత్సరం ఎంత రావచ్చో అంచనా జీతాలను సరిదిద్ది, అక్కడి నుంచి అభ్యర్థన పంపవచ్చు. యజమానులను అడిగి ప్రయోజనం లేదు, కోడ్ మార్చే అధికారం వారికి లేదు. బడికి 900, కేర్ హోమ్‌కు 357 అన్న అంకెలతో కొత్త కోడ్‌లు వస్తే మీ లెక్క సరిపోతుంది. ఒక్క జాగ్రత్త చెప్పాలి. బడి గంటలు పెరిగి జీతం 9,000 దాటితే అక్కడ పన్ను మొదలవుతుంది. ఏ ఉద్యోగంలో జీతం స్థిరంగా ఉంటుందో అక్కడ కచ్చితంగా సరిపోయేంత ఉంచి, మిగిలినది రెండవదానికి ఇవ్వడం మంచిది.

ఏమీ చేయకపోయినా ఆ డబ్బు మునిగిపోదు. సంవత్సరం ముగిశాక హెచ్‌ఎంఆర్‌సీ రెండు జీతాలనూ కలిపి చూసి పీ800 అనే లెక్క పంపుతుంది. పొరపాటున అది రాకపోతే నాలుగేళ్ల వరకు వెనక్కి అడగవచ్చు. కానీ నెలకు అరవై పౌండ్లు అంత కాలం వారి దగ్గర ఉంచవలసిన అవసరం మీకు లేదు.

ఎన్‌ఐ గురించి రేపు తీరికగా రాస్తాను. అది కొంచెం పెద్ద కథ.

రెడింగ్_వాసి | 2025 అక్టోబర్ 4

పైన చెప్పినదానికి ఎదురు తప్పు కూడా ఉంటుంది, నేను చేసింది అదే. ఉద్యోగంలో చేరేటప్పుడు పాత యజమాని ఇచ్చిన పీ45 లేకపోతే స్టార్టర్ చెక్‌లిస్ట్ అనే కాగితం నింపమంటారు. అందులో ఏ, బీ, సీ అని మూడు వాక్యాలు ఉంటాయి. ఈ పన్ను సంవత్సరంలో ఇదే నా మొదటి ఉద్యోగం అన్నది ఏ. ఇంతకుముందు ఒకటి ఉండేది, ఇప్పుడు ఇదొక్కటే అన్నది బీ. నాకు ఇంకొక ఉద్యోగం కూడా ఉంది అన్నది సీ. రెండవ ఉద్యోగంలో చేరుతూ కూడా నేను ఏ మీద గుర్తు పెట్టాను. ఇద్దరు యజమానులూ 1257ఎల్ వాడారు. రెండుచోట్లా 9,500 చొప్పున వచ్చింది, రెండుచోట్లా పన్ను సున్నా. సంతోషించాను. మరుసటి సంవత్సరం 1,286 పౌండ్లు బాకీ ఉన్నానని ఉత్తరం వచ్చింది. 3,000 లోపు బాకీ కాబట్టి ఒకేసారి కట్టమనలేదు, తర్వాతి సంవత్సరం కోడ్‌ను తగ్గించి నెలనెలా వసూలు చేశారు. ఆ సంవత్సరం ఇల్లు గడపడానికి కష్టపడ్డాము.

మన దేశంలో మధ్యలో ఉద్యోగం మారిన వారికి ఇద్దరు యజమానులూ విడివిడిగా మినహాయింపు ఇచ్చి, రెండు ఫారం 16లు చేతికి వచ్చి, రిటర్న్ వేసేటప్పుడు పన్ను బాకీ తేలుతుంది కదా, ఇదీ అలాంటిదే. తేడా ఏమిటంటే ఇక్కడ జీతం తప్ప మరే ఆదాయమూ లేనివారిలో అత్యధికులు రిటర్న్ వేయరు. లెక్కను మనం కూర్చుని చూసుకునే రోజంటూ ఉండదు కాబట్టి కోడ్‌ను మనమే గమనిస్తూ ఉండాలి.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 5

ఇక నేషనల్ ఇన్సూరెన్స్. ఈ 2025-26 సంవత్సరానికి రెండు గీతలు గుర్తుపెట్టుకోవాలి. వారానికి 242 పౌండ్లు, అంటే నెలకు 1,048, పై గీత. ఒక ఉద్యోగంలో అది దాటిన భాగం మీద 8 శాతం కోస్తారు. వారానికి 967 పౌండ్లు దాటిన భాగం మీద 2 శాతమే. వారానికి 125 పౌండ్లు, అంటే నెలకు 542, కింది గీత. ఈ రెండు గీతల మధ్య జీతం ఉన్నవారు ఒక్క పెన్నీ కట్టకపోయినా, కట్టినట్టుగానే రికార్డులో రాస్తారు. పింఛను లెక్కకు అది చాలు.

కాబట్టి మీ తోటి ఉద్యోగి మాట పట్టించుకోకండి. మీ 750 ఈ రెండు గీతల మధ్య ఉంది. మీ 550 కూడా కేవలం ఎనిమిది పౌండ్ల తేడాతో కింది గీత పైనే ఉంది. ఈ సంవత్సరం మీకు నిండు సంవత్సరంగా నమోదవుతుంది. నిజానికి మీకు లాభమే. ఇదే 15,600 ఒకే ఉద్యోగంలో వచ్చి ఉంటే 12,570 దాటిన 3,030 మీద 8 శాతం, సుమారు 242 పౌండ్లు కట్టవలసి వచ్చేది. ఇది తప్పించుకోవడం కాదు, చట్టం కట్టిన లెక్కే ఇది, ఎవరూ తర్వాత వచ్చి అడగరు.

ఇందులో ఒక ప్రమాదం ఉంది. అది పేస్లిప్‌లో కనిపించదు. రెండు ఉద్యోగాల్లోనూ జీతం కింది గీతకు దిగువనే ఉంటే, రెండూ కలిపి ఆ గీతకు దాదాపు రెండింతలు ఉన్నా సరే, రికార్డులో ఏమీ రాదు. పన్నులో పొరపాటు జరిగితే ఉత్తరం వస్తుంది, డబ్బు వస్తుంది లేదా పోతుంది, ఏదో ఒకటి తెలుస్తుంది. ఇక్కడ ఏ ఉత్తరమూ రాదు. పింఛను వయసు వచ్చిన తర్వాత ఆ సంవత్సరాలు లేవని తెలుస్తుంది. రెండు మూడు చోట్ల కొద్ది గంటలు పనిచేసే మన ఆడవాళ్లు చాలామంది ఇలా నష్టపోవడం చూశాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కోవెంట్రీ_విద్యార్థి | 2025 అక్టోబర్ 5

అన్నయ్యా, నాది ఇదే పరిస్థితి కావచ్చు. ఎమ్మెస్సీ చదువుతున్నాను, తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలే అనుమతి. వేర్‌హౌస్‌లో 10 గంటలు, రెస్టారెంట్‌లో 10 గంటలు చేస్తున్నాను. రెండుచోట్లా గంటకు 12.21 పౌండ్ల కనీస వేతనమే. రెండూ వారం జీతాలే. నాకు కూడా ఎన్‌ఐ సున్నాయే.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 5

తమ్ముడూ, నీ లెక్క చేసి చూపిస్తాను, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకదు. 10 గంటలకు 122 పౌండ్ల 10 పెన్నీలు. 125కు మూడు పౌండ్ల దిగువన ఉంది. రెండుచోట్లా అంతే. కాబట్టి నువ్వు వారానికి 244 పౌండ్లు సంపాదిస్తున్నా రికార్డులో ఏమీ చేరడం లేదు. అదే 20 గంటలు ఒకే చోట చేసి ఉంటే 244 పౌండ్ల 20 పెన్నీల మీద పద్దెనిమిది పెన్నీలు ఎన్‌ఐ కట్టేవాడివి, ఆ వారం నీ పేరు మీద నమోదయ్యేది. 10, 10 బదులు ఒకచోట 11, ఇంకొకచోట 9 చేసినా సరిపోతుంది. 11 గంటలకు 134 పౌండ్లు వస్తాయి, అది గీత దాటుతుంది.

అయితే నీకు ఇది ఎంతవరకు అవసరమో కూడా చెప్పాలి. ఇక్కడి కొత్త స్టేట్ (ప్రభుత్వ) పింఛను రావాలంటే కనీసం 10 నిండు సంవత్సరాలు ఉండాలి, పూర్తి పింఛనుకు 35 కావాలి. మన దేశపు పీఎఫ్‌లో గడిపిన సంవత్సరాలను దీనికి కలిపే ఒప్పందం లేదు. రెండేళ్లలో ఇంటికి వెళ్లిపోయేవాడివైతే ఆ సంవత్సరాలు ఎలాగూ పనికిరావు, కట్టిన ఎన్‌ఐ తిరిగి కూడా ఇవ్వరు. ఇక్కడే స్థిరపడే ఆలోచన ఉంటే మాత్రం మొదటి సంవత్సరం నుంచే చూసుకో.

రెండు విషయాలు మరచిపోకు. 20 గంటలు అన్నది రెండు ఉద్యోగాలకూ కలిపి, సోమవారం నుంచి ఆదివారం వరకు. ఎన్‌ఐ విడివిడిగా లెక్కిస్తారు కదా అని గంటలు కూడా విడివిడిగా లెక్కిస్తారని అనుకుని వీసా మీదకు తెచ్చుకున్నవారు ఉన్నారు. రెండవది, విద్యార్థి వీసా మీద స్వయం ఉపాధి అనుమతించరు. ఆహారం చేరవేసే యాప్‌ల పని చాలావరకు స్వయం ఉపాధి కిందే వస్తుంది. ఇది మూడవ ఉద్యోగం కాదు, నిబంధన ఉల్లంఘన.

మాంచెస్టర్_నర్సు | 2025 అక్టోబర్ 6

ఏ ఉద్యోగం లెక్క ఆ ఉద్యోగానిదే అన్న మాటకు ఒక మినహాయింపు ఉంది, నా అనుభవం చెబుతాను. నేను ఒక ఆసుపత్రిలో పార్ట్‌టైమ్ నర్సును. అదే ట్రస్ట్‌లో (ఆసుపత్రిని నడిపే సంస్థలో) బ్యాంక్ షిఫ్ట్‌లు, అంటే అవసరాన్ని బట్టి అదనంగా చేసే షిఫ్ట్‌లు, కూడా తీసుకుంటాను. రెండు వేర్వేరు ఒప్పందాలు, రెండు పేస్లిప్‌లు. వేర్వేరు ఉద్యోగాలు కదా, ఎన్‌ఐ ఎందుకు కలిపి కోస్తున్నారని పేరోల్ వారితో వాదించాను. యజమాని ఒక్కరే అయితే ఒప్పందాలు ఎన్ని ఉన్నా కలిపే లెక్క కట్టాలని వారు ఓపికగా చెప్పారు. పొరపాటు నాదే. పక్క ట్రస్ట్‌లో షిఫ్ట్‌లు చేసే మా స్నేహితురాలికి మాత్రం విడివిడిగా లెక్కిస్తారు.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 6

చాలా అవసరమైన మాట చెప్పారు. ఒకే దుకాణం పేరుతో రెండు శాఖల్లో పనిచేసేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. కానీ బోర్డు మీద పేరును బట్టి నిర్ణయించకండి. పెట్రోలు బంకులు, ఫాస్ట్‌ఫుడ్ హోటళ్లు ఒకే పేరుతో ఉన్నా చాలాచోట్ల యజమానులు వేరు. పేస్లిప్ మీద యజమాని పేరు, పీఏవైఈ రిఫరెన్స్ (హెచ్‌ఎంఆర్‌సీ యజమానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూడండి. అవి వేరుగా ఉన్నా, రెండు సంస్థలూ ఒకే గొడుగు కింద కలిసి వ్యాపారం చేస్తుంటే కలపవలసి రావచ్చు.

ఇంకొకటి. పన్ను సంవత్సరం పొడవునా సర్దుకుంటుంది, ఒక నెల ఎక్కువ కోస్తే తర్వాతి నెలల్లో తగ్గుతుంది. ఎన్‌ఐ అలా సర్దుకోదు. మీ వారం జీతం 242కు దిగువన ఉండి, క్రిస్మస్ వారంలో అదనపు షిఫ్ట్‌ల వల్ల 400 వచ్చిందనుకోండి, ఆ వారం పన్నెండు పౌండ్ల పైచిలుకు పోతుంది. సంవత్సరం మొత్తం 12,570 దాటకపోయినా అది తిరిగి రాదు.

రెడింగ్_వాసి | 2025 అక్టోబర్ 6

గోదావరి గారూ, పిల్లలు ఉంటే చైల్డ్ బెనిఫిట్‌కు (పిల్లల పోషణకు ప్రభుత్వం ఇచ్చే భృతికి) దరఖాస్తు చేయండి. 12 ఏళ్ల లోపు బిడ్డ పేరు మీద అది తీసుకుంటున్న వారికి, జీతం ఎంత తక్కువైనా, ఎన్‌ఐ క్రెడిట్ వస్తుంది.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 6

సోదరా, మంచి మనసుతో చెప్పారు, కానీ ఆవిడ చేయకూడదు. క్రెడిట్ వచ్చే మాట నిజమే. అయితే స్కిల్డ్ వర్కర్ కుటుంబాల వీసాల మీద సాధారణంగా ప్రభుత్వ నిధులు తీసుకోరాదనే షరతు ఉంటుంది, చైల్డ్ బెనిఫిట్ ఆ నిధుల జాబితాలో ఉంది. శాశ్వత నివాసం వచ్చినవారికి, పౌరసత్వం ఉన్నవారికి మీ సలహా చక్కగా పనికొస్తుంది. గోదావరి గారూ, వీసా మీద ఆ షరతు ఉంటే దయచేసి దరఖాస్తు చేయకండి.

రెడింగ్_వాసి | 2025 అక్టోబర్ 6

క్షమించండి, ఆ షరతు సంగతి ఆలోచించలేదు. సరిదిద్దినందుకు కృతజ్ఞతలు.

గ్లాస్గో_తెలుగు | 2025 అక్టోబర్ 7

స్కాట్లాండ్‌లో ఉండేవారికి ఒక మాట. ఇక్కడి కోడ్‌ల ముందు ఎస్ అక్షరం ఉంటుంది, పన్ను శ్రేణులు వేరు. మినహాయింపు మాత్రం అదే 12,570, ఎన్‌ఐ కూడా దేశమంతటా ఒకటే.

గోదావరి_లెస్టర్ | 2025 అక్టోబర్ 8

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. నిన్న ఆన్‌లైన్‌లో రెండు జీతాల అంచనాలూ సరిచేసి, మినహాయింపు పంచమని అడిగాను. పనిలో పనిగా నా నేషనల్ ఇన్సూరెన్స్ రికార్డు కూడా తెరిచి చూశాను. 2024-25 సంవత్సరం నిండలేదు అని ఉంది. ఆ సంవత్సరం కూడా నేను ఖాళీగా లేను. ఒకచోట నెలకు 480, ఇంకొకచోట 440 వచ్చేవి. రెండూ కలిపి సంవత్సరానికి 11,040 పౌండ్లు. పన్నెండు నెలలు తెల్లవారక ముందే లేచి, పిల్లవాడిని బడికి సిద్ధం చేసి వెళ్లి చేసిన పని అది. అందులో ఒక్క రోజు కూడా లెక్కలోకి రాలేదంటే మనసుకు చాలా కష్టంగా ఉంది.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 8

అమ్మా, మీ బాధ అర్థమైంది. ఆ సంవత్సరం కింది గీత నెలకు 533 పౌండ్లు, మీ రెండు జీతాలూ దాని దిగువనే ఉన్నాయి. పొరపాటు మీది కాదు, యజమానులది కూడా కాదు. చట్టం అలా ఉంది, అది మారాలని నా అభిప్రాయం. పన్ను కోసం రెండు జీతాలనూ కలిపి చూడగలిగిన కార్యాలయం పింఛను కోసం ఎందుకు కలపలేదో నాకు ఏనాడూ అర్థం కాలేదు.

అయితే దారి ఉంది. ఆ సంవత్సరాన్ని మీరే స్వచ్ఛందంగా కొనుక్కోవచ్చు, దానిని క్లాస్ 3 అంటారు. 2024-25కు వారానికి 17 పౌండ్ల 45 పెన్నీలు, సంవత్సరం మొత్తానికి సుమారు 907 పౌండ్లు. ఒక్కొక్క నిండు సంవత్సరం పింఛనులో 35వ వంతు తెస్తుంది. 2025-26లో పూర్తి పింఛను వారానికి 230 పౌండ్ల 25 పెన్నీలు కాబట్టి, ఒక సంవత్సరం విలువ ఆ లెక్కన ఏటా 342 పౌండ్లు. పింఛను తీసుకోవడం మొదలుపెట్టిన మూడేళ్లలోపే పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది.

గ్లాస్గో_తెలుగు | 2025 అక్టోబర్ 8

అక్కా, తొందరపడి కట్టవద్దని నా మనవి. మొదటిది, 10 సంవత్సరాలు పూర్తవుతాయన్న నమ్మకం ఉండాలి. రెండవది, మీ వయసులో 35 సంవత్సరాలు నిండటానికి ముందు చాలా కాలం ఉంటే ఈ ఒక్క సంవత్సరం లేకపోయినా లోటు ఉండకపోవచ్చు. మూడవది, పదవీ విరమణ తర్వాత భారతదేశంలో ఉండాలనుకునేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి. పింఛను అక్కడికి కూడా పంపుతారు, కానీ ఏటా పెంచరు. మొదట ఎంత వచ్చిందో ఇరవై ఏళ్ల తర్వాత కూడా అంతే వస్తుంది. మా పెద్దనాన్నగారు రాజమండ్రి వెళ్లిపోయిన తర్వాత ఈ సంగతి తెలిసి ఎంతో బాధపడ్డారు. ఖాళీ సంవత్సరాన్ని నింపుకోవడానికి మామూలుగా ఆరేళ్ల గడువు ఉంటుంది, అయితే ఆలస్యమైతే రేటు పెరగవచ్చు. రెండేళ్ల లోపు కడితే పాత రేటే. ఆ లోపు ఇద్దరూ కూర్చుని నిర్ణయించుకోండి.

పేస్లిప్_పరిశీలకుడు | 2025 అక్టోబర్ 9

గ్లాస్గో మిత్రుని మాటతో ఏకీభవిస్తాను. నేను వెంటనే లాభం చూపించాను, ఆయన మొత్తం జీవితాన్ని చూపించారు.

యజమాని ద్వారా వచ్చే పింఛను సంగతి కూడా చెప్పి ముగిస్తాను, ఇదీ ఉద్యోగాన్ని బట్టే. ఒక ఉద్యోగంలో సంవత్సరానికి 10,000 పౌండ్లు దాటితేనే యజమాని తనంతట తానుగా పింఛను పథకంలో చేర్చాలి. 9,000, 6,600 వచ్చే మీకు ఆ నియమం వర్తించదు. కానీ 6,240 పౌండ్లు దాటిన జీతం ఉన్నవారు అడిగితే చేర్చుకుని తన వాటా కూడా వేయడం యజమాని బాధ్యత. కనీసపు లెక్కన మీ బడి వారి వాటా ఏటా 83 పౌండ్లు రావచ్చు. మీ జీతం నుంచి కూడా కొంత పోతుంది, అది చూసుకుని అడగండి.

గోదావరి_లెస్టర్ | 2025 నవంబర్ 2

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. కొత్త కోడ్‌లు వచ్చాయి, అక్షరాలా మీరు చెప్పిన అంకెలే, 900, 357. అక్టోబర్ జీతంలో కేర్ హోమ్ వారు పన్ను కోయకపోగా, అంతకుముందు ఆరు నెలల్లో పోయిన 660 పౌండ్లలో నుంచి 307 పౌండ్ల పైచిలుకు తిరిగి వేశారు. ఇకపై నెలకు యాభై పౌండ్లే పోతాయని పేరోల్ ఆవిడ చెప్పారు.

క్లాస్ 3 గురించి మా వారితో మాట్లాడాను. ఇక్కడ ఎంత కాలం ఉంటామో తేలేవరకు ఆ 907 పౌండ్లను విడిగా దాచి ఉంచాలని, 2027 ఏప్రిల్ 5 దాటకుండా నిర్ణయించుకోవాలని అనుకున్నాము. ఒక్క ప్రశ్న మిగిలింది. జనవరి నుంచి కేర్ హోమ్‌లో నా షిఫ్ట్‌లు తగ్గించి నెలకు 500 పౌండ్లు ఇస్తామంటున్నారు. అది 542కు దిగువన ఉంది కదా, ఈ సంవత్సరం కూడా పాడవుతుందా?

పేస్లిప్_పరిశీలకుడు | 2025 నవంబర్ 2

పాడవదమ్మా. బడి జీతం 750 ఒక్కటే గీతకు పైన ఉంది, నెలనెలా అదే మీ సంవత్సరాన్ని నింపుతుంది. కేర్ హోమ్ జీతం తగ్గిన సంగతి మాత్రం జనవరిలో ఆన్‌లైన్ అంచనాలో మార్చండి. బడి పని మానేసే పరిస్థితి ఎప్పుడైనా వస్తే, మానేయకముందే ఇక్కడ ఒక మాట రాయండి.